రంగు వెయ్యని చోటు

మా నాన్నా, అన్నయ్యా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల దగ్గర తింటారు, ఒకే పేపరు చెరిసగం చదువుతారు. మాటలు మాత్రం అమ్మ మీదుగా వెళ్ళాలి. "ఫ్యాను తగ్గించమను," అంటాడు నాన్న, అన్నయ్య చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో కూర్చుని ఉండగా. "ఉక్కపోస్తోందట, తగ్గించడట," అంటుంది అమ్మ, అన్నయ్య ఇంకా నోరు తెరవకముందే. ఆవిడకి అంత అనుభవం వచ్చేసింది.

ఆ వేసవిలో మా గ్యారేజీ వెనక షెడ్డు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. వెనక వీధి వెడల్పు చేస్తున్నారు, వానలు మొదలయ్యేలోగా షెడ్డు కూలగొడతామని చెప్పి పోయారు. షెడ్డులో పెద్ద సామానేమీ లేదు. టార్పాలిన్ కప్పుకుని ఒక్క ఎర్ర కారు ఉంది, అంతే. మా ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు.

రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు. నాన్న దాన్ని తుక్కు కొట్టు నుంచి తెచ్చి, ప్రతి నట్టూ విప్పి, కడిగి, మళ్ళీ కట్టాడు. అన్నయ్య దాన్ని కొండదారి పోటీల్లో నడిపేవాడు. కప్పులు కూడా తెచ్చాడు, వాటిలో అమ్మ గుండుసూదులు వేసుకుంటుంది. ఆఖరి పోటీలో ఒక మలుపు దగ్గర బండి రోడ్డు దాటి రాతిగోడని గుద్దింది. అన్నయ్య ఎడమ మోకాలు ఆ తర్వాత వంగలేదు.

ఆస్పత్రిలో వాడు కళ్ళు తెరిచాక నాన్న అన్న మొదటి మాట నేను విన్నాను.

"నాలుగో గేర్లో ఆ మలుపు ఎవడు తిప్పమన్నాడ్రా నిన్ను?"

"మూడో గేరే," అన్నాడు అన్నయ్య. "స్టీరింగ్ దానంతటదే ఎడమకి లాగేసింది."

"మూడులో ఉంటే గోడ దాకా ఎందుకు పోతుంది?"

అన్నయ్య మొహం అటు తిప్పుకున్నాడు. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. వాడు మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. బస్సులో వెళ్ళి బస్సులో వస్తాడు, అందులో కూడా వెనక సీట్లోనే కూర్చుంటాడు, ముందు రోడ్డు కనపడకుండా.

గ్యారేజీ నా చేతికొచ్చింది. సొట్టలు తీస్తాను, తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతుకుతాను, రంగు వేస్తాను. నాన్న ముందు కుర్చీలో కూర్చుని నా పనికి వంకలు పెడతాడు. వంకలు పెట్టే హక్కు ఆయనకుంది. చుట్టుపక్కల గ్యారేజీల వాళ్ళు తమకి చేతకాని వెల్డింగ్ ఏదైనా ఉంటే ఒకప్పుడు ఆయన దగ్గరికే మోసుకొచ్చేవాళ్ళు. ఆయన అతుకు పక్కన ఇనుము విరిగితే విరగొచ్చు గానీ అతుకు ఊడదని వాళ్ళే చెప్పేవాళ్ళు. ఆ మాట ఎవరన్నా అంటే నాన్న వినపడనట్టు తల వంచుకుని నవ్వుకునేవాడు.

షెడ్డు కూలుస్తున్నారని ఎలా తెలిసిందో ఏమో, పాత కార్లు సేకరించే ఒకాయన వచ్చాడు. ఎండలోనూ నీడలోనూ టోపీ తియ్యడు కాబట్టి మేం ఆయన్ని టోపీ ఆయన అనే అనుకున్నాం. టార్పాలిన్ ఎత్తి చూసి, కాసేపు ఊపిరి తీసుకోవడం మర్చిపోయాడు.

"ఇలాంటివి ఇప్పుడు ఎక్కడా లేవమ్మా," అన్నాడు నాతో. "పై రేకు సంగతి వదిలెయ్, అది ఎలాగైనా చేసుకోవచ్చు. కింద ఛాసిస్, అదే బండిని మోసే ఇనప చట్రం, సూటిగా ఉందా లేదా, అది చెప్పు. సూటిగా ఉంటే బాగు చేయించడం దండగ కాదు. వంకర పోయిందంటే..."

"తుక్కే," అన్నాడు నాన్న వెనక నుంచి.

"చూడకుండానే అంటారేంటండీ?"

"నేను కట్టిన బండి. నేను చూడాలా?"

టోపీ ఆయన నావైపు చూశాడు. కొలిచి చెబుతానన్నాను. నాన్న ఏమీ అనకుండా కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం నాకు నచ్చలేదు. కోపం వస్తే అరిచే మనిషి ఆయన.

సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్యే బండి సంగతి కదిపాడు.

"సుత్తిని బాగా చూడమను," అన్నాడు అమ్మతో. సుత్తి అంటే నేనే. చేతిలో ఎప్పుడూ అదే ఉంటుందనీ, నా మాటలు కూడా అలాగే ఉంటాయనీ వాడు పెట్టిన పేరు.

"చూడక్కర్లేదని చెప్పు," అన్నాడు నాన్న అమ్మతో.

"నేను చెప్పను," అంది అమ్మ. "అది ఇక్కడే కూచుని తింటోంది. దానికి చెవులున్నాయి."

"రేపే మొదలుపెడతాను," అన్నాను. నాన్న సగం తిని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళాను. పాత బండి మంచిదా కాదా అని చూసే పద్ధతి నాకు నాన్న నేర్పిందే. అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి రేకు మీద నడిపించాలి. ఇనుమున్న చోట అది పట్టుకుంటుంది, పుట్టీ పూసి కప్పెట్టిన చోట జారిపోతుంది. ఆ తర్వాత సన్నటి ఊచతో కింద పొడిచి చూడాలి, సుత్తి వెనక భాగంతో తట్టి వినాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది దబ్బుమంటుంది. గోడ దెబ్బకి ముక్కు రేకు నలిగింది, తలుపుల కింద కొంచెం తుప్పుంది, డిక్కీ నేల పోయింది. మిగతాదంతా ఖంగుమంటూనే ఉంది. ఇన్నేళ్ళు పలకరించకపోయినా ఎంత బాగా ఉన్నావే అనిపించింది.

కొట్టుకి వెళ్ళే ముందు అన్నయ్య షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు.

"ఎలా ఉంది?"

"నీకంటే నయంగా ఉంది."

నవ్వాడు గానీ అక్కడే నిలబడ్డాడు. "ఒసే సుత్తీ," అన్నాడు, "నాలుగో గేరేనేమో."

"ఏంటి?"

"ఆ రోజు. మొదట్లో నాకు బాగా గుర్తుండేది, మూడే అని. ఇన్నేళ్ళు ఆయన నాలుగు అనుకుంటూ ఎదురుగా కూర్చుంటే, ఇప్పుడు కళ్ళు మూసుకున్నా నా చెయ్యి నాలుగు మీదే కనపడుతోంది. బండి లాక్కొచ్చేటప్పుడు ఎవరో న్యూట్రల్లో పెట్టేశారు, లేకపోతే అప్పుడే తేలిపోయేది." చేతికర్రతో గుమ్మం మీద మట్టి గీకాడు. "బాగుచేస్తే ఒక్కసారి అందులో కూచుని గేరు లివర్ పట్టుకుని చూస్తాను. గుర్తొస్తుందేమో. నా కాలు నేనే విరగ్గొట్టుకున్నానో లేదో నాకు తెలియాలి కదా."

వాడు బస్సుకి వెళ్ళిపోయాడు. నాకు ఆ ఉదయం పని సాగలేదు. వాడు నాన్న మీద కోపంతో మాట్లాడటం లేదని అనుకుంటూ వచ్చాను. తన మీద తనకే నమ్మకం లేక మాట్లాడటం లేదని అప్పుడే తెలిసింది.

ఛాసిస్ కొలవడానికి మరో రోజు పట్టింది. బండిని నాలుగు దిమ్మల మీదికి సమంగా ఎత్తాను. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుదారం ఛాసిస్‌కి నాలుగు మూలలా వేలాడదీసి, గుండు మొన కింద నేల మీద సుద్దతో చుక్క పెట్టాను. చుక్క నుంచి ఎదురు మూల చుక్కకి దారం లాగి కొలవాలి. రెండు ఐమూల కొలతలూ ఒక్కటైతే బండి సూటిగా ఉన్నట్టు. తేడా వస్తే ఎక్కడో మెలి పడ్డట్టు. నేను రెండూ లాగాను. ఒక్కటే. నాకే అనుమానం వచ్చి చుక్కలు చెరిపేసి మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. మళ్ళీ ఒక్కటే.

తలెత్తితే నాన్న గుమ్మంలో ఉన్నాడు.

"సూటిగా ఉంది నాన్నా," అన్నాను సంబరంగా. "కింద చూస్తే గోడని గుద్దిన బండిలాగే లేదు."

ఆయన మొహంలో సంబరం లేదు. "దారం సాగుంటుంది," అన్నాడు.

"రెండుసార్లు కొలిచాను."

"అయితే నువ్వు చుక్క తప్పు పెట్టుంటావు." లోపలికి వచ్చి నా సుద్ద చుక్కని చెప్పుతో రుద్దేశాడు. చిన్నపిల్లాడి పనిలా ఉంది అది. "ఆ టోపీ ఆయనకి వంకరని చెప్పెయ్యి. బండి తుక్కుకి పోతుంది, షెడ్డు ఖాళీ అవుతుంది, అందరికీ ప్రశాంతంగా ఉంటుంది."

"నా నోటితో అబద్ధం చెప్పమంటావా?"

"నేను చెప్పమంటున్నాను," అన్నాడు. ఆజ్ఞలా మొదలుపెట్టిన మాట, చివరికి వచ్చేసరికి బతిమాలినట్టయింది. నాకు భయం వేసింది. మా నాన్న ఎవర్నీ బతిమాలగా నేను చూడలేదు.

ఆయన వెళ్ళాక ఆ సూటి ఛాసిస్ వైపు చూస్తూ కూర్చున్నాను. బండి ముందు ఎడమ చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్ ఆ ప్రమాదంలో ఊడిపోయింది. గోడ దెబ్బకే ఊడిందని అందరం అనుకున్నాం. కానీ నాన్న చేత్తో వేసిన అతుకుని ఊడపీకేంత దెబ్బ తగిలితే, దాని వెనక ఛాసిస్ కొంచెమైనా వంగాలి. వెంట్రుకంత కూడా వంగలేదు. అంటే గోడ దాకా పోకముందే బ్రాకెట్ ఊడి ఉండాలి. చక్రం వదిలేస్తే స్టీరింగ్ ఎవరి మాటా వినదు. ఎడమకి లాగేసిందని అన్నయ్య ఆస్పత్రి మంచం మీదే చెప్పాడు.

ఊడిన ముక్కలన్నీ గోనెసంచిలో కట్టి సీటు వెనక పడేసి ఉన్నాయి. బ్రాకెట్ తీసి కిరసనాయిలులో నానబెట్టి, బ్రష్షుతో తోమి, లైటు కింద పెట్టి చూశాను. అతుకు విరిగిన చోట చాలామటుకు మామూలు తుప్పే. ఒక అంచున మాత్రం, గోరంత వెడల్పున, ఎరుపు. తుప్పు ఎరుపు కాదు. బండికి వేసిన రంగు.

గోరుతో గీకాను. పెచ్చులా లేచింది.

రంగు వేసేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రంగు పైన ఉంటుంది. విరిగిన చోటు లోపలికి రంగు దిగిందంటే, రంగు వేసేనాటికే అక్కడ పగులు తెరుచుకుని ఉంది. ఆఖరి పోటీ ముందురోజు ఆ బండికి కొత్తగా రంగు వేసింది నాన్నే. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

బ్రాకెట్‌ని బల్ల మీద, ఎరుపు పైకి కనపడేలా పెట్టి ఇంటికి పోయాను. ఎందుకలా పెట్టానంటే, నాకు నోటితో అడిగే ధైర్యం లేదు. రాత్రంతా నాలో నేనే నాన్న మీద మండిపడ్డాను, మళ్ళీ జాలిపడ్డాను, మళ్ళీ మండిపడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం రంగులో కలిపే థిన్నర్ కొనుక్కుని వచ్చేసరికి ముందు కుర్చీ ఖాళీగా ఉంది. వెనక షెడ్డులో చక్రాల బండి ఈడుస్తున్న చప్పుడు. పరిగెత్తాను. గ్యాస్ సిలిండర్లు రెండూ లోపలికి లాక్కొచ్చి ఉన్నాయి. నాన్న నల్ల కళ్ళజోడు నుదుటి మీదికి పెట్టుకుని, కట్టర్ చేత్తో పట్టుకుని ఛాసిస్ ముందు నిలబడి ఉన్నాడు. బల్ల మీద బ్రాకెట్ లేదు. ఆయన చొక్కా జేబు కిందికి లాగేస్తూ ఉంది.

"పక్కకి తప్పుకో అమ్మా," అన్నాడు.

"దేన్ని కోస్తున్నావు?"

"షెడ్డు ఖాళీ చెయ్యాలన్నారుగా."

"నాన్నా, నేను చూశాను."

"చూస్తావని నాకు తెలుసు. నీకు నేర్పింది నేనే." కట్టర్ మూతి ఛాసిస్‌కి తగిలి టకటకమంటోంది. "వాడికి చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. వాడి బతుకేదో వాడు సర్దుకున్నాడు. ఇప్పుడు తవ్వి ఏం చేస్తాం?"

"సర్దుకున్నాడా?" అరిచాను. ఆయన మీద అలా అరవడం అదే మొదలు. "వాడు బస్సులో ముందు సీట్లో కూర్చోలేడు నాన్నా! కాలు వాడే విరగ్గొట్టుకున్నాడని వాణ్ణి వాడే నమ్మించుకుంటున్నాడు. నువ్వన్న మాటే పట్టుకుని!"

నాన్న కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. లైటర్ కోసం బల్ల మీద తడుముతున్నాడు. నేను సిలిండర్ల దగ్గరికి వెళ్ళి రెండూ కట్టేశాను. సిలిండర్ వాల్వు తిప్పే తాళంచెవి ఒక్కటే ఉంటుంది మా గ్యారేజీలో. అది లాగి నా జేబులో వేసుకున్నాను.

"తాళం ఇటివ్వు."

"ఇవ్వను. కోసేదైనా, బాగుచేసేదైనా, అన్నయ్య చూశాకే. నేను వాడికి చెప్పను. చెప్పాల్సింది నువ్వు."

ఆయన కోపంతో కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. దిమ్మ మీద కూలబడి, కళ్ళజోడు తియ్యకుండా అలాగే ఉండిపోయాడు. నేను జేబులో తాళం గట్టిగా పట్టుకుని ఇంటికి నడిచాను.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు, బల్ల దగ్గర కూర్చున్నాడు. నాన్న రాలేదు. అమ్మ నావైపు చూసింది, నేను పళ్ళెం వైపు చూశాను. అందరం తినడం మొదలుపెట్టాక గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

నాన్న లోపలికి వచ్చి, అన్నయ్య కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"షెడ్డు దగ్గరికి ఒకసారి రా," అన్నాడు.

"మీ నాన్న నిన్ను షెడ్డు..." అని అలవాటుగా అందుకున్న అమ్మ మధ్యలో ఆగిపోయింది. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది.

అన్నయ్య కర్ర తీసుకుని లేచాడు. నేను వెనకే వెళ్ళాను. అమ్మ కూడా వచ్చింది, గరిటెతోనే.

షెడ్డులో లైటు కింద నాన్న జేబులోంచి బ్రాకెట్ తీసి వాడి చేతిలో పెట్టాడు. "ఇది నా చేతి అతుకు," అన్నాడు. "ఆ అంచు చూడు."

అన్నయ్య చూశాడు. నాన్న దగ్గర పెరిగినవాడు, వాడికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"రంగు వేసేముందు చూశావా?"

"చూశాను. వెంట్రుకలా ఉంది గీత. విప్పి మళ్ళీ అతకాలంటే పోటీ పోతుంది. ఒక్క పోటీకి ఆగుతుందిలే అనుకున్నాను. నా అతుకు కదా అనుకున్నాను." అంచు మీది ఎరుపుని వేలితో చూపించాడు. "రంగు పూసేశాను."

"మరి నాలుగో గేరని ఎందుకన్నావు?"

"నోట్లోంచి ముందు అదే వచ్చింది. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

అమ్మ గోడకి ఆనుకుంది. అన్నయ్య బ్రాకెట్‌ని ఎత్తి గోడకేసి కొడతాడనుకున్నాను, కొట్టాలని నాకే అనిపించింది. వాడు దాన్ని తన జేబులో వేసుకున్నాడు.

"అయితే మూడో గేరే," అన్నాడు నాతో. కర్ర ఊతంగా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇల్లు అంతకుముందుకంటే ఘోరంగా ఉంది. అమ్మ ద్వారా వచ్చే మాటలు కూడా ఆగిపోయాయి. ఫ్యాను ఎవరూ తగ్గించమనలేదు. నాన్న గ్యారేజీకి రావడం మానేశాడు. టోపీ ఆయన రెండుసార్లు మనిషిని పంపాడు, ఆగమన్నాను. వెనక వీధిలో కూలగొట్టే యంత్రం మా షెడ్డుకి రెండు ఇళ్ళ అవతల దాకా వచ్చేసింది, గోడలు పడే చప్పుడుకి మా డబ్బాలు అదురుతున్నాయి. తాళం ఇంకా నా జేబులోనే ఉంది.

ఒక పొద్దున అన్నయ్య కొట్టుకి పోకుండా తిన్నగా షెడ్డులోకి వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, జేబులోంచి బ్రాకెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"టోపీ ఆయనకి చెప్పు, బండి సూటిగా ఉంది గానీ అమ్మేది లేదని. దీన్ని బాగుచెయ్యి సుత్తీ. కొత్త బ్రాకెట్ చెయ్యి. అతుకు మాత్రం నువ్వే వెయ్యాలి. ఆయన ముట్టుకోకూడదు."

"చూడొచ్చా?"

ఆలోచించాడు. "చూడనీ," అన్నాడు.

షెడ్డు పడేలోగా బండిని గ్యారేజీ ముందు గదిలోకి తోసుకున్నాం. నేను అతుకు వేస్తుంటే నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు, నా పనికి మొదటిసారి ఒక్క వంకా పెట్టలేదు. అన్నయ్య రోజూ సాయంత్రం వచ్చి నట్లు కడిగేవాడు. ఎడమ కాలు వంగదు కాబట్టి క్లచ్‌కి చేతి లివర్ అమర్చాను. నలిగిన ముక్కు సరిచేసి, తలుపుల కింద కొత్త రేకు, డిక్కీకి కొత్త నేల వేసి, చివరికి ఎర్ర రంగు కలిపాను. స్ప్రే గన్ ఎత్తి ఎడమ చక్రం దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కడ రంగు వద్దు."

"తుప్పు పడుతుందిరా."

"పట్టకుండా ఆయన్ని చూసుకోమను. రోజూ నూనె గుడ్డతో తుడవాలి. అతుకు ఎప్పుడూ కళ్ళకి కనపడాలి."

అది శిక్షో, పనో వాడు చెప్పలేదు. నేను వెళ్ళి నాన్నకి చెప్పాను. ఆయన మెత్తటి గుడ్డ ఒకటి వెతుక్కున్నాడు.

తొలి వాన పడి వెలిసిన మర్నాడు బండిని బయటికి తీశాం. అన్నయ్య స్టీరింగ్ ముందు కూర్చుని, ఎడమచెయ్యి గేరు లివర్ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. గేరు ఒకటికి, రెండుకి, మూడుకి వేసి, అక్కడ ఆపాడు. నాన్న తడి నేల మీద గోనెపట్టా పరుచుకుని ముందు చక్రం కిందికి దూరి ఉన్నాడు. నూనె గుడ్డ ఇనుము మీద రుద్దుకుంటున్న చప్పుడు వినపడుతోంది. కిటికీలోంచి అమ్మ చూస్తోంది, మొయ్యాల్సిన మాట ఏదైనా ఉంటుందేమోనని.

అన్నయ్య పక్కకి వంగి కిందికి చూశాడు.

"చూశావా?"

"చూశాను. బాగానే ఉంది," అంది నాన్న గొంతు బండి కింద నుంచి.

"మళ్ళీ చూడు నాన్నా."

నాన్న మళ్ళీ చూశాడు. ఆయన బయటికి వచ్చేదాకా అన్నయ్య ఇంజిను తిప్పలేదు.